పొగాకు మాన్పించు వైద్యమునకు ఆయుర్దాయ మెంత?

ఉత్తరాంధ్ర తీరమందలి ఒక ప్రభుత్వ వైద్యశాలలో ఊపిరితిత్తుల విభాగమును నిర్వహించుచున్న వైద్యునికిని, ప్రభుత్వపు లెక్కల తనిఖీ శాఖలో ఉద్యోగ జీవితమంతయు గడపి విశ్రాంతి పొందిన ఆయన మేనమామకును నడుమ జరిగిన ఈ సంవాదమునకు నిమిత్తము, ఆ వైద్యశాలలో పొగాకు మాన్పించుటకై ఏర్పడిన ఒక చిన్న గదియు, అందు కాంట్రాక్టు మీద పనిచేయు ఒక కౌన్సెలరును, ఆ రెండును నిలుచుటకు ఆధారమైన ఒక గ్రాంటును. గ్రాంటు మార్చితో ముగియును. అటుపిమ్మట ఆ పని సాగవలయునా, సాగినచో ఏ రూపమున సాగవలయును, దానికి ఎవరు పూచీపడవలయును అనునవి దేశమందలి వందలాది వైద్యశాలలకు సంబంధించిన ప్రశ్నలగుటచే, వారి మాటలను యథాశక్తి ఇచట పొందుపరచితిని. నా మొగ్గు ఎటువైపో చదువరులు గ్రహింపగలరు. దానిని దాచుకొనవలయునన్న కోరిక నాకు లేదు.

మామ: నాయనా, నీవు నొచ్చుకొనవని నమ్మి అడుగుచున్నాను. గ్రాంటు ముగిసిన మరునాడే మూతపడు పనిని నిలుపుటకై ఇంత ఆరాటమేల? నేను తనిఖీ చేసిన పద్దులలో ఇట్టివి కోకొల్లలు. ఆరంభమునందు ఒక గది, ఒక బల్ల, గోడమీద చిత్రపటములు, రిబ్బను కత్తిరించుటకు పెద్దలు. కొన్నాళ్లకు పోయి చూచినచో అదే గదిలో పాత రికార్డుల కట్టలు. జనులకు నిజముగా అవసరమైన పనియే యైనచో ఆసుపత్రి దానిని తన సొంత వ్యయముతో నిలుపుకొనెడిది కాదా? గ్రాంటు రాలేదని జ్వరపు వార్డును ఎవరైనను మూసిరా?

వైద్యుడు: మూయరు మామయ్యగారూ. జ్వరము రోగమని అందరును ఒప్పుకొందురు గనుక మూయరు. పొగాకునకు బానిసయైనవానిని చూచినపుడు మాత్రము, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టిక పదవ కూర్పులో ఎఫ్ 17 అను సంఖ్యతో ఆ స్థితి చేరియున్నను, మన ఆసుపత్రులవారు దానిని శీలదోషముగా భావించి, "మానుకోవయ్యా" అని ఒక్కమాట అనివేసి, దగ్గు మందు వ్రాసి పంపుదురు. ఆ రోగపు స్వభావమేమో వినుడు. ఎవరి సాయమును లేక తమంతట తాము మానబూనినవారిలో ఆరు నెలలు మొదలు ఏడాది నిలుచువారు నూటికి ముగ్గురు, నలుగురు, మహా అయిన ఐదుగురు. తక్కినవారిలో పెక్కుమంది మొదటి వారమునందే మరల అంటించుకొందురు. అట్లు ఓడినవాడు సిగ్గుచే మా ముఖము చూడక కొంతకాలము తప్పించుకొని తిరిగి, దగ్గు ముదిరినపుడో, అన్న గుండెపోటుతో పోయినపుడో, కూతురు బిడ్డను ఎత్తుకొనబోగా ఆ బిడ్డ ముఖము తిప్పుకొన్నపుడో, మరల మా తలుపు తట్టును. తట్టునాటికి ఆ తలుపు ఉండవలయును. పలుమార్లు తిరుగబెట్టుటయే స్వభావముగాగల రోగమునకు రెండేండ్ల చికిత్సను ఏర్పాటుచేసి మూసివేయుట చికిత్స చేయకుండుట కన్నను చెడ్డది. ఏలయన, రోగి రెండవసారి వచ్చుసరికి మేము లేకుండుట, మొదటిసారి మేమిచ్చిన మాటను అబద్ధము చేయును.

మామ: మాట బాగుగనే యున్నది. కాని ఈ దేశములో పొగాకును తగ్గించినది మీ గదులా? 2003లో చట్టము వచ్చినది. 2008 అక్టోబరు 2 మొదలు బహిరంగ స్థలములందు పొగత్రాగుట నిషిద్ధమైనది. 2016 నుండి పెట్టెమీద నూటికి 85 పాళ్లు భయంకర చిత్రములతో కూడిన హెచ్చరికలే. 2009-10లో పెద్దలలో నూటికి 34.6 మంది పొగాకు వాడుచుండగా, 2016-17 నాటికి అది 28.6కు దిగినది. ఏడేండ్లలో 81 లక్షలమంది తగ్గిరి. ఇందులో మాన్పించు క్లినిక్కుల వంతెంతయని అడిగినచో నీవు మాత్రమేమి చెప్పగలవు? 2002లో ఈ దేశమంతటికిని 13 క్లినిక్కులతో ఆరంభించిరి. అవి పెరిగినను మహాసముద్రమునందు కాకి రెట్టంత. పన్ను పెంచుము, చిల్లర సిగరెట్ల అమ్మకము మాన్పుము, బడి ముందరి బడ్డీని తొలగింపుము. పైసా ఖర్చు లేకుండ, పైగా ఖజానాకు ఆదాయముతో, నీ క్లినిక్కులు చేయలేని పని జరుగును.

వైద్యుడు: పన్నును నేను కాదందునా? పొగాకువలన ఈ దేశమునకు 2017-18లో కలిగిన నష్టము 1,77,341 కోట్ల రూపాయలని లెక్కగట్టిరి; పొగాకుపై ఎక్సైజు పన్నుగా వచ్చు ప్రతి నూరు రూపాయలకును సమాజము మీద పడు భారము 816 రూపాయలని అదే లెక్క. మీరు జీవితమంతయు పద్దులు చూచినవారు. ఇంతకంటె చెడ్డ పద్దును చూచియుండరు. కాని పన్ను వీధిలో పనిచేయును, చట్టము బడ్డీకొట్టులో పనిచేయును. నా వార్డులో మూడవ మంచముమీద ప్రాణవాయువు గొట్టముతో పండుకొని, రాత్రి నర్సు కన్నుగప్పి స్నానపుగదిలోనికి పోయి బీడీ కాల్చువానివద్దకు ఏ చట్టము వచ్చును? వాడు దుష్టుడు కాడు, ఏడ్చుచు కాల్చును. మీరు చెప్పిన 2016-17 లెక్కలోనే మరియొక భాగమున్నది: పొగత్రాగువారిలో నూటికి 55.4 మంది మానవలయునని అనుకొనుచున్నారు. ఆ యేడాదిలో వైద్యుని దర్శించిన పొగత్రాగువారిలో మానుమని సలహా పొందినవారు నూటికి 48.8, నమలు పొగాకు వాడువారిలోనైతే 31.7 మాత్రమే. మన దేశములో కాల్చువారికంటె నమలువారే అధికము. అనగా, మా గుమ్మము తొక్కిన ఖైనీ, గుట్కావారిలో మూడింట రెండు వంతులమందికి మేమొక్క మాటయైనను చెప్పలేదు. ఇది మా వృత్తికి తలవంపు.

మామ: ఒక్క మాట చెప్పినంత మాత్రమున మానుదురా?

వైద్యుడు: కొందరు మానుదురు. 1979లో లండనులో రస్సెల్ అను వైద్యుడు, ఆయన తోడివారును సాధారణ వైద్యులచేత రోగులకు ఒకటి రెండు నిమిషముల సలహా చెప్పించి, ఒక కరపత్రమిచ్చి, మరల వచ్చి విచారింతుమని ముందే తెలియజేసిరి. ఏడాది నిలిచినవారు నూటికి 5.1, ఏమియు చేయనివారిలో 0.3.

మామ: నూటికి ఐదుగురు! తొంబదియైదుగురు తిరిగి పొగలో పడిరి. ఇట్టి ఫలితమును తనిఖీ నివేదికలో వ్రాసినచో దానిక్రింద నేనేమి వ్యాఖ్య వ్రాసియుందునో నీకు తెలియును.

వైద్యుడు: తెలియును, ఆ వ్యాఖ్యయే ఇన్ని క్లినిక్కులను మూయించినది. ఆ ఐదుగురు మందు ఖర్చు లేకుండ, పడక లేకుండ, రెండు నిమిషములలో వచ్చిన ఐదుగురు. ఓ.పి. చీటీ తీసికొను ప్రతివానికిని ఆ రెండు నిమిషములు దొరికినచో, జిల్లా మొత్తమున ఎంతమంది యగుదురో మీరే గుణించుకొనుడు. గుండెపోటు వచ్చిన పిదప పొగ మానినవారికి, మానని వారితో పోల్చగా, మరణభయము సుమారు మూడవ వంతు తగ్గును. గుండెపోటు రోగికి మేము వ్రాయు ఏ మాత్రతోనైనను సరితూగు ఫలమిది. ఆ మాత్రలు ఆసుపత్రి స్టోరులో లేకపోయిన దినమున పత్రికలలో వార్త పడును. ఈ చికిత్స లేకపోయిన దినమున ఎవరును గమనింపరు.

మామ: సరే, ఫలమున్నదని కాసేపు ఒప్పుకొందును. నా ప్రశ్న ఇంకను కదలలేదు. ఫలమున్నది నిలుచుననియు, నిలిచినది ఫలవంతమనియు నియమము లేదు. ఆసుపత్రిలో చేయు ఈ పని ఎక్కడనైనను దీర్ఘకాలము నిలిచినదా?

వైద్యుడు: నిలిచినది. కెనడాలో ఒటావా విశ్వవిద్యాలయపు గుండె వైద్యశాలలో 2002లో ఒక పద్ధతి మొదలైనది. చేరిన ప్రతి రోగిని పొగాకు ప్రశ్న అడుగుదురు. జవాబు కేస్‌షీటులో ఎక్కును. పొగత్రాగువానికి పడకమీదనే మందు ఇత్తురు. ఇంటికి పోయిన తరువాత నెలల తరబడి టెలిఫోనులో పలుకరింతురు. అది ఆ ఒక్క ఆసుపత్రితో ఆగలేదు. ఒంటారియో రాష్ట్రములో 14 ఆసుపత్రుల రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన లెక్కలో, ఆ పద్ధతి అందినవారిలో ఏడాదిలోపల చనిపోయినవారు నూటికి 5.4, అందనివారిలో 11.4. ముప్పది దినములలో మరల ఆసుపత్రిలో చేరినవారు నూటికి 7.1, 13.3.

మామ: ఆగుము. ఆ రెండు గుంపులను చీట్లు వేసి విడదీసిరా?

వైద్యుడు: లేదు. పద్ధతి రాక పూర్వము చేరినవారిని, వచ్చిన పిదప చేరినవారిని పోల్చిరి.

మామ: అట్లైనచో, ఆ నడిమి కాలములో ఆసుపత్రులలో మారిన తక్కిన మంచి యంతయు నీ పొగాకు ఖాతాలో జమయైనది. అంత పెద్ద తేడా కేవలము నీ టెలిఫోను పలుకరింపువలననే యని నేను నమ్మజాలను.

వైద్యుడు: పూర్తిగా దానివలననే యని నేనును అనను. కాని చీట్లు వేసి చేసిన పరిశోధనలు యాబదింటిని సమీక్షించినవారు తేల్చినది మరింత గట్టిది, మన తగవునకు మరింత సంబంధించినది. పడకమీద నున్నపుడు ఎంత చెప్పినను, ఇంటికి పోయిన తరువాత కనీసము ఒక నెల వెంబడించి విచారింపనిచో ఆ చెప్పినదంతయు దాదాపు వ్యర్థము. నెల దాటి వెంబడించినచో మానువారు నూటికి 37 పాళ్లు అధికమగుదురు. కావున ఈ చికిత్సలో ముఖ్యభాగము ఆసుపత్రి గోడల వెలుపల, డిశ్చార్జి అయిన తరువాత జరుగును. సరిగా ఆ భాగమునే, గ్రాంటు తగ్గినపుడు, మొదట కత్తిరింతురు.

మామ: ఇపుడు నీవు నా పొలిమేరలోనికి వచ్చితివి. ఎందుకు కత్తిరింతురో చెప్పెదను వినుము. డిశ్చార్జి అయినవాడు ఏ రిజిస్టరులోను లేడు. వార్డు రిజిస్టరులో అతని పేరు కొట్టివేయబడినది, ఓ.పి. రిజిస్టరులో ఇంకను ఎక్కలేదు. అతనికై వెచ్చించు సమయమునకు పద్దు లేదు. నేను చదివితిని, అమెరికాలో వైద్యుడు పొగాకు మానుమని మూడు నిమిషములు దాటి చెప్పినచో బిల్లులో ఒక సంఖ్య, పది నిమిషములు దాటి చెప్పినచో మరియొక సంఖ్య వేయుదురట. మాటకు వెల కట్టిరన్నమాట. మన ఆరోగ్యశ్రీలో గొంతు క్యాన్సరు శస్త్రచికిత్సకు వెల కట్టగలము. ఆ క్యాన్సరు రాకుండ చెప్పిన మాటకు ఎట్లు కట్టుదుము? కట్టనిదే అది నిలువదు. వెలగట్టుటకు వీలులేని పని ఎవరో ఒక సాధువైద్యుని మంచితనముమీద నడచును. ఆయనకు బదిలీ వచ్చిన దినమున ఆగును. నీకును బదిలీ వచ్చును నాయనా.

ఇచట నేను ఒక్కమాట చెప్పక తప్పదు. ప్రభుత్వ వైద్యశాలలలో కొంతకాలము మెలగినవారు ఎవరైనను, ఒక వైద్యుని బదిలీతో అంతరించిన మంచిపనిని కనీసము ఒకటి చెప్పగలరు. మామ మాటలోని కాఠిన్యము ఆ యనుభవమునుండి వచ్చినదే. వైద్యుడు కొంతసేపు మిన్నకుండి మరల ఆరంభించెను.

వైద్యుడు: మన ప్రాంతపు సంగతియే చెప్పుదును. అడ్డపొగ మీరు ఎరుగుదురు. చుట్ట మండు కొనను నోటిలోపల ఉంచుకొని కాల్చు అలవాటు, మన తీరపు పల్లెలలో ముఖ్యముగా ఆడువారిలో. అంగిటిమీద తెల్లని మచ్చలు, పుండ్లు, కడకు క్యాన్సరు. శ్రీకాకుళం జిల్లా గ్రామములలో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగవలన అంగిటికి కలుగు వికారములను వర్ణించిన అధ్యయనము 1971లోనే వెలువడినది. అటుతరువాత టాటా మూల పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళములోను, కేరళలోని ఎర్నాకుళములోను, గుజరాతులోని భావనగరులోను కలిపి 36,000 మంది పొగాకు వాడువారిని ఏటేట దర్శించి, నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుండి మాటలాడి, చిత్రములు చూపి, మానుమని ఉద్బోధించిరి. 1986లో లాన్సెట్ పత్రికలో ఫలితములు వచ్చినవి: మానినవారు, తగ్గించినవారు హెచ్చిరి, నోటిలోని వికారములు తగ్గినవి. అంతటి పని మన శ్రీకాకుళపు పల్లెలలో జరిగినది మామయ్యగారూ! ప్రపంచమునకు పాఠము చెప్పగల పని. మరి ఇప్పుడు నా వద్దకు అంగిట పుండుతో వచ్చు ముసలమ్మను, "అమ్మా, చుట్ట మానుమని ఎవరైనను చెప్పిరా?" అని అడిగినచో, లేదు బాబూ అని చెప్పును. పరిశోధన ముగిసినది; పరిశోధకులు తమ వంతు పనిని శ్రద్ధగా చేసి వెళ్లిరి; దానిని అందుకొని ప్రతియేటను అదే గడపకు పోవలసిన ఆరోగ్యశాఖ అందుకొనలేదు. ఏటేట పోవుటయే ఆ చికిత్స. అది ఆగినపుడు చికిత్సయు ఆగినది.

మామ: ఇపుడు ఆశా కార్యకర్తలు పోవుచున్నారు గదా. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారికై వారు నింపు పత్రములోను పొగాకు ప్రశ్న ఉన్నది. ఎన్నడును వాడనివారికి సున్న, మునుపు వాడినవారికిని అప్పుడప్పుడు వాడువారికిని ఒకటి, ప్రతిదినము వాడువారికి రెండు మార్కులు. క్షయరోగి విషయమునను 2017లో క్షయ, పొగాకు కార్యక్రమములను జతచేసి, ప్రతి రోగిని అడుగవలయునని విధించిరి. ప్రశ్న అడుగుట అప్పుడే దినచర్యలో చేరినది. నీ కౌన్సెలరు చేయునది వారే చేయుదురు. ప్రత్యేకమైన గది యెందులకు? ఇన్నాళ్లుగా నేను చెప్పదలచినది ఇదియే: ప్రత్యేకముగా పుట్టినది ప్రత్యేకముగా చచ్చును; దినచర్యలో కలిసినది దినచర్యతోబాటు బ్రదుకును. కేస్‌షీటులో ఒక గడి, ఇండెంటులో ఒక మందు, నర్సు విధుల పట్టికలో ఒక పంక్తి. ఈ మూడింటిని సాధించి, గదిని వదలివేయుము.

వైద్యుడు: సగము సత్యము. ప్రశ్న అడిగి, రెండు మార్కులు వేసిన తరువాత ఏమగును? ఆ పత్రములోని మార్కులన్నియు కూడి నాలుగు దాటినచో రక్తపోటు, చక్కెర పరీక్షకు పంపుదురు. మంచిదే. కాని ఆ పొగాకునకు ఎవరు చికిత్స చేయుదురు? అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చు సంస్థవారు ఒకప్పుడు గుండెపోటు, న్యుమోనియా రోగులందరికి పొగాకు సలహా చెప్పితీరవలయునని విధింపగా, కొలదికాలములోనే దాదాపు ప్రతి ఆసుపత్రియు నూటికి నూరు పాళ్లు చెప్పితిమని వ్రాసికొన్నది. చేతిలో ఒక కరపత్రము పెట్టినను చెప్పినట్లే! ఆ కొలమానమును పిమ్మట తొలగించి, 2012లో కఠినమైన దానిని తెచ్చి, ఇష్టమైనవారు స్వీకరింపవచ్చుననగా, స్వీకరించినవారు స్వల్పము. గడి నిండుట వేరు, రోగి మానుట వేరు. అందరి పని అయినది ఎవరి పనియు కాక పోవును.

మామ: అది నీ ఉదాహరణ. ప్రత్యేకముగా నడచి నిలిచిన ఉదాహరణ ఒకటి చూపుము.

వైద్యుడు: నిలిచి, పడి, మరల లేచిన ఉదాహరణ చూపుదును, దానినుండి నేర్చుకొనవలసినది అధికము. ఇంగ్లండులో 1998లో ప్రభుత్వము ప్రకటించిన విధానము ననుసరించి, మరుసటి యేడాదినుండి దేశమంతట పొగ మాన్పించు సేవలు ఏర్పడినవి. శిక్షణ పొందిన సలహాదారులు, వారము వారము కలయిక, ఉచితముగా మందు. 2011-12లో 8 లక్షల 16 వేలమంది ఆ సేవలలో మానుటకు ముహూర్తము నిశ్చయించుకొనిరి. 2013 ఏప్రిల్‌లో ప్రజారోగ్యపు బాధ్యత జాతీయ ఆరోగ్య సేవ చేతినుండి స్థానిక సంస్థల చేతికి మారినది; తరువాత ఆ సంస్థలకిచ్చు ధనమును తగ్గించిరి. 2018-19 నాటికి ఆ సంఖ్య 2 లక్షల 36 వేలకు పడిపోయినది. చికిత్స గుణము మారలేదు. సలహాదారుల నేర్పు తగ్గలేదు. ఏ పద్దుక్రింద చెల్లింపవలయునన్నది మారినది.

మామ: ఈలోగా ఎలక్ట్రానిక్ సిగరెట్లు వచ్చినవి. లక్షలమంది వాటినే ఆశ్రయించి నీ సలహాదారుల మొగము చూడలేదు. ఆ కారణమును విడిచిపెట్టుట న్యాయము కాదు.

వైద్యుడు: విడువను, అదియు ఒక పెద్ద కారణమే. కాని మూతబడిన సేవకు జనులు రారన్నది అంతకంటె తేలికగా అర్థమగు కారణము. ఏమైనను, 2019లో జాతీయ ఆరోగ్య సేవవారు తమ దీర్ఘకాల ప్రణాళికలో, ఆసుపత్రిలో చేరిన ప్రతి పొగత్రాగువానికిని చికిత్స నీయవలయునని మరల నిశ్చయించిరి. ఒటావా పద్ధతియే వారికి ఆదర్శము. అనగా ఇరువదియేండ్లకు, పోగొట్టుకొన్నదానిని మరల కొనుచున్నారు. మధ్యలో పోయిన రోగులు తిరిగి రారు.

మామ: చూచితివా! నీ ఉదాహరణయే నా వాదమును నిలిపినది. సేవ పడిపోయినది పద్దు మారినందువలన. తిరిగి లేచినది ఆసుపత్రి సొంత పద్దులో చేరినందువలన.

వైద్యుడు: అది మీ వాదమైనచో, అందులో నేనును ఉన్నాను. మన తేడా, ఆ పద్దులో జీతము పుచ్చుకొను ఒక మనిషి ఉండవలయునా వద్దా అన్నదే.

మామ: మనిషి అవసరమేమి? ఉచిత టెలిఫోను ఉన్నది. 1800-11-2356. 2016లో ఢిల్లీలో వల్లభ్‌భాయి పటేల్ ఛాతీ వైద్య సంస్థలో మొదలై, 2018 నుండి ప్రతి పొగాకు పెట్టెమీదను అచ్చగుచున్నది. దానికి బదిలీ లేదు, మార్చి నెలతో ముగియు కాంట్రాక్టు లేదు.

వైద్యుడు: ఆ సేవను నేను గౌరవింతును; నా రోగులకు ఆ సంఖ్యను వ్రాసియిత్తును. కాని అది పిలిచినవానికి పలుకును. నేను చెప్పు మనిషి పిలువనివానిని పలుకరింపవలసినవాడు. అంగిట పుండు పడిన ముసలమ్మ చేతిలో టెలిఫోను లేదు. అది కొడుకు చేతిలో సముద్రముమీద నున్నది. ఆమె ఇంటికి ఊరి ఆరోగ్య కార్యకర్తయగు ఏ.ఎన్.ఎం. పోవలయును; ఏ.ఎన్.ఎం.కు ఈమె పేరు ఎవరో ఇయ్యవలయును. పోయినదా లేదాయని ఎవరో నెల తిరిగిన తరువాత అడుగవలయును. ఆ 'ఎవరో' అన్నవానికి పేరు పెట్టుమని నేను కోరుచున్నాను.

మందుల ప్రస్తావన వచ్చినపుడు ఇరువురికిని తగవు లేకపోయినది. నికోటిన్ గమ్, పట్టీ మొదలగునవి 2022లో జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో చేరినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే వానిని తన పట్టికలో చేర్చినది. ఐనను పట్టికలో చేరిన మందు జిల్లా స్టోరులోనికి దానంతట అది నడచిరాదు; రాష్ట్రస్థాయిలో కేంద్రీయముగా జరుగు కొనుగోలునకు పోవు ఇండెంటులో ఏటేట ఎవరో దానిని వ్రాయవలయును. ఒకయేడు వ్రాయనిచో మరుసటియేడు "గత వినియోగము: శూన్యము" అని వచ్చును, శూన్యముమీద ఎవరును కొనరు. ఈ విషయమును మామయే విపులముగా వివరించి, చేతనైనచో మొదటి మూడేండ్లు ఇండెంటును స్వయముగా వ్రాయించుమని మేనల్లునికి చెప్పెను. ఆసుపత్రి వరండాలోనే సిగరెట్టు కాల్చు వైద్యులనుగూర్చి వైద్యుడు కోపముతో రెండు మాటలు చెప్పెను, అవి న్యాయమైనవే.

మామ: ఇక లెక్కకు రమ్ము. ఈ పని సాగుచున్నదని నేనెట్లు తెలిసికొనవలయును? ఇప్పటివరకు నీవు పై అధికారులకు పంపిన నివేదికలో ఏమున్నది? జరిపిన శిబిరములు, పంచిన కరపత్రములు, ర్యాలీలో నడచిన విద్యార్థులు.

వైద్యుడు: వారడిగినది అదే. నన్నడిగినచో, ఆరు నెలల పిదప నిజముగా మానినవారి సంఖ్యను, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడును కొలిచి ధ్రువపరచి, పంపుదును.

మామ: అది పంపినచో ఒక దోషము కలుగును. మానగలవారినే చేర్చుకొని, కష్టమైనవారిని చేర్చుకొనకపోవుదురు. తనిఖీ చేయువానికి ఇది కొత్త కాదు; ఫలితమునుబట్టి మెచ్చుకొన్న ప్రతిచోటను కఠినమైన కేసు తలుపు బయటనే నిలుచును. నేనైతే రెండే అంకెలు అడుగుదును: ఆ నెలలో చేరిన పొగాకు రోగులందరిలో ఎంతమందికి మందో, మాటో, రెండునో అందినవి? వారిలో ఎంతమందిని నెల తిరిగిన తరువాత కనుగొని పలుకరించితిరి? మానిరా లేదా అన్నది మూడవ అంకె. దానిని వ్రాయుము, కాని దానినిబట్టి ఎవరిని శిక్షింపకుము.

వైద్యుడు: కనుగొనలేనివారిని మాననివారిగనే లెక్కింపవలయును. మా శాస్త్రములో ఇది నియమము.

మామ: మంచి నియమము. మా శాఖలో ఉండవలసినది.

వైద్యుడు: మామయ్యగారూ, ఆ రెండవ అంకెను పూరించుటకు టెలిఫోను చేయువాడు, ఏ.ఎన్.ఎం.కు పేరు పంపువాడు, ఊరు మారినవానిని వెదకువాడు కావలయునని మీరే ఇప్పుడు ఒప్పుకొంటిరి.

మామ: రక్తపోటు, చక్కెర క్లినిక్కు నర్సు చేయును. వారములో ఒకపూట.

వైద్యుడు: ఆమె అప్పుడే మూడు రిజిస్టర్లు, ఒక ట్యాబు నింపుచున్నది. ఆమె మంచిదే; కాని నాలుగవ రిజిస్టరు వచ్చిన దినమున అన్నింటికంటె ముందు ఆమె వదలునది, వచ్చి ఎదుట నిలువని రోగిని. అది ఆమె తప్పు కాదు; ఎదుట నిలిచినవాడు బాధపడుచుండును గదా.

మామ: అట్లైనచో ఏమి వ్రాయుమందువు? సూపరింటెండెంటుగారి ద్వారా ప్రభుత్వమునకు పోవలసిన ఉత్తరమును నేనే చిత్తు వ్రాసి యిత్తునంటిని. గడి, ఇండెంటు, నర్సు విధి, ఈ మూడింటిని ఆసుపత్రి సాధారణ వ్యయములోనికి తెమ్మని వ్రాయుదును. క్లినిక్కు కొనసాగింపు అని వ్రాసినచో ఆర్థికశాఖవారు మొదటి పంక్తిలోనే ఆగిపోదురు. గ్రాంటు మాటయే ఎత్తకుము.

వైద్యుడు: గ్రాంటు మాట ఎత్తకుడు, సమ్మతము. గదిని కూడ విడుచుకొందును. వార్డులో ఒక బల్ల చాలును. కాని ఒక శాశ్వతమైన కౌన్సెలరు పోస్టు, జీతపు పద్దుతో సహా, ఆ ఉత్తరములో ఉండవలయును. నాకు బదిలీ అయిన మరుదినమున కూడ ఆ బల్లవద్ద ఎవరో కూర్చుండి యుండవలయును.

మామ: కొత్త పోస్టు అడిగినచో తక్కిన మూడును పోవును. నేను ఆ శాఖలను ఎరుగుదును.

వైద్యుడు: పోస్టు లేనిచో తక్కిన మూడును రెండేండ్లలో పోవును. నేను ఆసుపత్రులను ఎరుగుదును. మొదట మూడింటిని అడిగి, ఒక యేడాది ఆ రెండు అంకెలను పంపి, రెండవ అంకె పడిపోయినదని చూపి అప్పుడు పోస్టు అడుగుమందురా?

మామ: అదియే మార్గము. ఆ యేడాది నీ కౌన్సెలరు గతి?

వైద్యుడు: ఆసుపత్రి అభివృద్ధి సంఘపు నిధినుండి ఆమెకు జీతమీయవలయునని వచ్చు సమావేశములో కోరుదును. వారు కాదన్నచో, మామయ్యగారూ, ఆ ఉత్తరముమీద నా సంతకము ఉండదు. పోస్టుతో కూడిన ఉత్తరమును నేనే వ్రాసికొందును.